నాలుగడుగుల సముద్రానికి దీపం

ముప్పై రెండేండ్లు ఆదోనిలో ఒక నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పని చేసినాను. ఇప్పుడు ఐటీఐ చదివే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "తాతా, నీ సర్వీసులో నువ్వు చేసిన పెద్ద పని ఏది?" అని అడుగుతుంటారు. జనరేటరు బిగించిన సంగతో, కొత్త స్పిన్నింగు హాలుకు వైరింగు చేసిన సంగతో చెబుతానని వాళ్ల ఉద్దేశం. నేను చేపల తొట్టికి లైటు పెట్టిన సంగతి చెబుతాను. మొదట నవ్వుతారు. నవ్వనీ. ఆ తొట్టి ముందర పడినంత భయం నేను ఏ మిషను ముందరా పడలేదు. అంత సంతోషం కూడా మళ్లీ యాడా దొరకలేదు.

డెబ్భైలు పోయి ఎనభైలు వచ్చిన కొత్త. ఒకరోజు పొద్దున మేనేజరు పిలిచి, "కాలేజీకి పోప్పా. ఆడ జువాలజీ మేడమ్‌కు ఏందో లైట్లు కావాలంట. రెండు రోజుల పని, చూసి రా," అన్నాడు. మా మిల్లు యజమాని ఆ కాలేజీ కమిటీలో పెద్దమనిషి. కాలేజీలో ఫ్యాను తిరగకపోయినా మా మిల్లుకే కబురు వచ్చేది. టెస్టరు, కటింగు ప్లయరు, వైరు చుట్ట సైకిలుకు తగిలించుకొని పోయినాను. ఆ రెండు రోజుల పని నాలుగు నెలలు పట్టింది.

జువాలజీ గదిలో ఒక మూలన కట్టిన తొట్టి చూస్తే నాకు ముందు అర్థం కాలేదు. మూడు పక్కల సిమెంటు గోడ, ముందరి పక్క బొటనవేలంత మందం అద్దం. పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండడుగులు, లోతు కూడా నాలుగడుగులే. చేపల తొట్టి అంటే అడుగో, అడుగున్నరో లోతుంటుందని నాకు తెలుసు. ఇది నిలబెట్టిన బీరువా మాదిరి ఉంది.

"ఇంత లోతు దేనికమ్మా?" అని అడిగినాను.

మేడమ్ నవ్వింది. "ప్రిన్సిపాల్ సార్ కోరికప్పా. సముద్రమంటే లోతుండాల గదా అన్నారు. నేను ఊరికి పోయి వచ్చేలోపల మేస్త్రీ కట్టేసినాడు. ఇప్పుడు పగలగొట్టలేము."

ఆమెకు అప్పుడు ముప్పై అయిదేండ్లు ఉంటాయి. మంత్రాలయం దగ్గరి పల్లె. గుడి సేవ చేసుకుంటూ, పిల్లలకు చదువు చెప్పుకుంటూ వచ్చిన ఇంటి ఆడబిడ్డ. "మా వంశంలో చేపను ముట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఇప్పటికీ మా అవ్వ నన్ను స్నానం చేయందే వంటింట్లోకి రానియ్యదు," అని ఆమే చెప్పి నవ్వుకునేది. ఆ కాలేజీలో ఆమె ఉద్యోగం అప్పటికి పర్మనెంటు కాలేదు. జువాలజీ గ్రూపు కొత్తగా పెట్టినారు. అది ఉంటే ఆమె ఉంటుంది.

ఆమె మనసులో ఉండే ముచ్చట ఒక్కటే. "కౌతాళం పిల్లోనికి కాలువ తెలుసు. హాలహర్వి పిల్లోనికి వంక తెలుసు. సముద్రం గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాస్తారు గానీ ఒక్కడూ చూడలేదు. పుస్తకంలో బొమ్మ చూసి బొమ్మ గీస్తారు. నేను వీళ్లకు ప్రాణమున్న సముద్రం చూపియ్యాలప్పా," అంది.

అదేమీ ఊరికే అన్నమాట కాదు. మా మిల్లు లారీ నూలు బేళ్లు దించను మద్రాసుకు పోయేది. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రాకుండా డ్రమ్ములలో సముద్రపు నీళ్లు నింపుకొని వచ్చేటట్టు ఆమె యజమానితో మాట్లాడి ఒప్పించింది. జీవాలను తానే రామేశ్వరం పక్కకు పోయి తెచ్చింది. మూత తీసిన డబ్బాలు కాళ్ల దగ్గర పెట్టుకొని, దారి పొడుగునా సైకిలు పంపుతో నీళ్లలోకి గాలి కొట్టుకుంటూ రైల్లో వచ్చిందంట. పక్క సీటు వాళ్లు ఈమెకు ఏమో అయిందని జరిగి కూర్చున్నారంట.

ఆ డబ్బాలలో ఉన్నవాటిని నేను మొదటిసారి చూసినప్పుడు, తొట్టిలో పువ్వులు ఎందుకు వేస్తాండారని అడిగినాను. అరచేతి వెడల్పున, వందల వేళ్లతో కదులుతాండాయి అవి.

"ఇది పువ్వు మాదిరి ఉంటాది గానీ జంతువప్పా. దీన్ని సముద్రపు పువ్వు అంటారు. దీని ఒంట్లో కంటికి కనపడనంత సన్నని నాచు ఉంటాది. ఆ నాచు వెలుతురుతో అన్నం వండితే ఈ జీవం తింటాది. ఈ పగడపు రాళ్లు కూడా అంతే. వెలుతురు లేకపోతే నాచు చస్తాది, అది చస్తే ఇది చస్తాది. అందుకే నిన్ను పిలిపించినాను. అడుగు దాకా వెలుతురు పోవాల," అని చెప్పింది.

అడుగున రాళ్లు పేర్చి ఒక అడుగు పైకి లేపినాము. అయినా వాటి నెత్తిన మూడడుగుల నీళ్లున్నాయి. పడమటి కిటికీల నుంచి ఎండ పడితే తొట్టి కాగుతుందని వాటికి అట్టలు కొట్టినాము. ఇంక వెలుతురంతా నా చేతిలోదే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాల. దాచిపెడితే ఈ కథ చెప్పి లాభం లేదు.

మేడమ్ పరీక్షల డ్యూటీకి వారం రోజులు కర్నూలుకు పోయింది. పోతా పోతా, "తొట్టిలో థర్మామీటరు వేలాడగట్టినాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు. ఏమన్నా మార్చాలంటే నేను వచ్చినాక మారుద్దాం," అని చెప్పింది. ఆమె అట్ల పోయింది, ప్రిన్సిపాల్ సార్ ఇట్ల వచ్చినాడు. మంచి మనిషే. అలంకారమంటే ఆయనకు పిచ్చి. "చూడయ్యా, సముద్రమంటే నీలంగా, పచ్చగా ఉండాలి. పెళ్లి పందిళ్లకు కడతారే, ఆ రంగు బల్బులు కట్టు," అన్నాడు. కట్టినాను. పై నీళ్లు రంగురంగులుగా మెరిసినాయి గానీ అడుగంతా చీకటి. ఆ చీకటి చూసి నాకు రోషం వచ్చింది. మిల్లులో అంత పెద్ద హాలుకు వెలుతురు పెట్టినోనికి ఈ తొట్టి ఒక లెక్కా అనుకొని, రెండు వందల వాట్ల బల్బులు నాలుగు, నీళ్లకు జానెడు ఎత్తున, వరుసగా దించినాను. అడుగు కనపడింది. భలే పని చేసినాననుకొని మిల్లుకు పోయినాను. థర్మామీటరు సంగతి మతికే రాలేదు.

రెండు రోజులు మిల్లులో మోటారు కాలిపోయి అటు పోలేదు. మూడోరోజు పోతే గది తలుపు తీయగానే వాసన కొట్టింది. నీళ్లలో చెయ్యి పెట్టినాను. తలంటు పోసుకునే నీళ్ల మాదిరి ఉన్నాయి. ఆ పువ్వులు రాళ్లు వదిలేసి, ముడుచుకొనిపోయి, పైన తేలుతాండాయి. వాటితోపాటు తెచ్చిన చేపలు కూడా పోయినాయి. ఆ రోజు నేను తొట్టి ముందర ఎంతసేపు నిలబడినానో నాకే తెలీదు.

మేడమ్ వచ్చినాక నేనే ఎదురుపోయి చెప్పినాను. తిడుతుందనుకొన్నాను. ఆమె గదిలోకి పోయి, తొట్టి చూసి, స్టూలు మీద కూర్చొంది. "ఎవరు చంపినారని నేను అడగనప్పా. ఎట్ల చచ్చినాయో చెప్పు. ఏ బల్బు, ఎంత ఎత్తు, ఎన్ని గంటలు, అన్నీ చెప్పు," అని నోటు పుస్తకం తీసింది. నేను చెబుతాంటే ఆమె రాసుకుంది. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ని కాదు.

ప్రిన్సిపాల్ సార్ మాత్రం భయపడినాడు. రెండు నెలలలో యూనివర్సిటీ నుంచి కమిటీ రాబోతాంది. జువాలజీ గ్రూపు ఉంచాలా, తీసేయాలా అని వాళ్లే తేలుస్తారు. చచ్చిన చేపల తొట్టి వాళ్లకు చూపిస్తే ఉన్న మర్యాద కూడా పోతుందని, తొట్టి పగలగొట్టించి గదిని ఆటల సామానుకు ఇస్తానన్నాడు. మేడమ్ ఒకే మాట అడిగింది. "ఇంకొకసారి తెస్తాను సార్. ఈసారి బతకకపోతే నేనే గడ్డపార పట్టుకుంటాను."

లారీతో కొత్త నీళ్లు తెప్పించి తొట్టి నింపించి, ఆమె మళ్లీ రామేశ్వరం బండెక్కింది. నేను మిల్లులో మా పెద్ద ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయినాను. నాకు పని నేర్పినవాడు ఆయన. మిల్లంతా ఉస్తాద్ అని పిలిచేవాళ్లు. చేతిలో ఎప్పుడూ చాయ్ గ్లాసు ఉండేది. సంగతంతా విని, "అరే బేటా, నువ్వు సముద్రం చేసినావా, చాయ్ చేసినావా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అది చూసి ఆయన కూడా నవ్వు ఆపి, ట్యూబులైట్లు పెట్టి చూడమన్నాడు. అవి కాగవు గదా.

నాలుగు ట్యూబులైట్లు కట్టినాను. పైన బాగుంది. అడుగున మబ్బు పట్టినట్టుంది. అయితే అది సరిపోతుందా, చాలదా అని ఎవరు చెప్పాల? మన కంటికి అలవాటయ్యేకొద్దీ మసక కూడా వెలుతురుగానే కనపడుతుంది. కొలిచే సాధనం కాలేజీలో లేదు, మిల్లులో లేదు.

ఆ ఆదివారం ఎమ్మిగనూరుకు పోయినాను. మా మామ ఆడ నేతగాళ్లకు నూలు రంగులద్దే మేస్త్రీ. మా అమ్మకు సొంత తమ్ముడు, నా భార్యకు తండ్రి. నేను పోయేసరికి ఆయన ఇంకా తడి ఆరని ఎర్ర నూలు పోగుల చిలప పట్టుకొని షెడ్డులో నుంచి బయటికి, బయటి నుంచి షెడ్డులోకి తిరుగుతాండాడు. ఏంది మామా అంటే, "లోపల సూస్తే ఒక రంగు, బయట సూస్తే ఒక రంగు కనపడతాదప్పా. దీపం కింద సూసి రంగు ఒప్పుకునేటోడు మేస్త్రీనే కాదు," అన్నాడు.

నేను తొట్టి గురించి చెప్పినాను. చచ్చినవాటి సంగతి కూడా చెప్పినాను. ఆయన చేతులు తుడుచుకొని, లోపలికి పోయి, పది రంగుల నూలు పోగులు తెచ్చినాడు. వెదురు పుల్లకు వాటిని వరసగా చుట్టి, కింద ఒక ఇనుప నట్టు కట్టినాడు. "దీన్ని నీళ్ల అడుక్కు దించు. ఏ రంగు బతికుంటాదో, ఏ రంగు సస్తాదో నేను సెప్తాను. పా, నేనూ వస్తా," అని తువ్వాలు భుజాన వేసుకొని నాతో బస్సెక్కినాడు.

సోమవారం పొద్దున మామ తొట్టి ముందర గొంతుకూర్చున్నాడు. మేడమ్ రెండోసారి తెచ్చిన జీవాలు అప్పటికి పెద్ద గాజు పళ్లెంలో, పక్క గది కిటికీ దగ్గర ఉన్నాయి. ఈసారి ఎక్కువ దొరకలేదు. ఒక పువ్వు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు, పిడికిలంత పగడపు రాళ్లు రెండు. అంతే. వాటిని తొట్టిలోకి వదలాలంటే ముందు దీపం తేలాల.

పుల్ల దించినాను. బల్బు వేసినాను. మామ చూసి, "ఎరుపు, పసుపు బతికినాయి. నీలం నల్లగ అయిపాయ," అన్నాడు. బల్బు ఆపి ట్యూబులైట్లు వేసినాను. "అన్నీ ఉండాయి గానీ అన్నిటికీ జొరం వచ్చినట్టుంది. పానం లేదు." మేడమ్ ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాంది. రంగుల మేస్త్రీ మాటను ఆమె పుస్తకంలో ఎక్కించడం చూసి మా మామ కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చినాడు. మమ్మల్ని ముగ్గురినీ చూసి, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు చూసినాడు. "బేటా, మన బేళ్ల యార్డులో స్తంభం ఎంత ఎత్తు?"

"ముప్పై అడుగులుంటాది ఉస్తాద్."

"ఆ మెర్క్యురీ బత్తి కింద సూది పడిపోతే దొరకతాదా, లేదా?"

"దొరకతాది."

"ముప్పై అడుగుల నుంచి సూది చూపించే బత్తికి, నీ నాలుగడుగులు ఎంత?"

అంతదాకా నా బుర్రకు తట్టలేదు. రోజూ దాని కింద నడుస్తా ఉండి కూడా నాకు తట్టలేదు. స్టోరులో ఒక మెర్క్యురీ దీపం, దాన్ని వెలిగించే చోకు ఉన్నాయి. మేనేజరును అడిగి తెచ్చినాము. ఈసారి నేను తొందరపడలేదు. నీళ్లకు మూడడుగుల ఎత్తున కొక్కేనికి కట్టినాను. కాగిన దీపం మీద నీటి చుక్క పడితే గాజు పగులుతుందని ఉస్తాద్ చెబితే, మధ్యలో అద్దం పలక అడ్డం పెట్టినాను. నీళ్ల మీద గాలి పారేటట్టు పక్కన టేబులు ఫ్యాను పెట్టినాను. థర్మామీటరు నేనే కట్టినాను.

దీపం నిదానంగా వెలిగింది. మామ అద్దానికి ముక్కు ఆనించి చూసినాడు. "నీలం, పచ్చ లేచి కూర్చున్నాయి మామా," అన్నాను నేనే ముందు.

"అది సరేలే. ఎరుపు సూడు. ఎండిన నెత్తురు మాదిరి అయిపాయ. ఎరుపు సచ్చిపోయిందప్పా. ఈ దీపం పనికిరాదు."

నా ముఖం, ఉస్తాద్ ముఖం వాడినాయి. మేడమ్ ఒక్కతే నవ్వింది. "పెద్దాయనా, మీరు చెప్పిందే నాకు కావలసింది. సముద్రం లోపలికి పోయేకొద్దీ ముందు చచ్చేది ఎరుపే. నీళ్లు దాన్నే ముందు మింగేస్తాయి. అడుగు దాకా పోయేది నీలం. ఈ జీవాలు పుట్టి పెరిగింది ఆ నీలంలోనే. మనకు పనికిరాదు గానీ వీటికి ఇదే అన్నం."

మామ మళ్లీ ఒకసారి అద్దంలోకి చూసి, "అట్లయితే వాటి దీపం వాటికి పెట్టండి. సూసేటోళ్లకు ఒక బల్బు వేరే పెట్టండి. మనుషులు వచ్చినప్పుడే ఎలిగించండి. ఎరుపు బతుకుతాది, పానాలూ బతుకుతాయి," అన్నాడు. నాలుగు నెలల పనికి తీర్పు ఆయన అట్ల గొంతుకూర్చొనే చెప్పేసినాడు.

జీవాలను తొట్టిలోకి వదిలినాము. మొదట నేను దీపం ఆపకుండా వేసి పెడదామన్నాను. ఎంత వెలుతురుంటే అంత మంచిది గదా అని నా లెక్క. మేడమ్ ఒప్పుకోలేదు. "నువ్వు షిఫ్టు అయినాక నిద్రపోతావా లేదా? వాటికీ ఒక షిఫ్టే పని," అంది. అట్ల మా మిల్లు పొద్దుటి సైరన్ మోగితే దీపం వేసేది, సాయంత్రం సైరన్ మోగితే ఆపేది.

వారం రోజులు ఏమీ తేలలేదు. రాళ్ల సందులో పెట్టిన పువ్వు ముడుచుకొని, పాలిపోయి, ఉండీ లేనట్టు ఉంది. నేను రోజూ మిల్లుకు పోయే ముందర ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి పోయి చూసేవాణ్ని. మా ఇంటామె, "తొట్టిలో ఏమన్నా చుట్టాలుండారా?" అని అడిగేది. తొమ్మిదో రోజు పొద్దున పోతే పువ్వు పెట్టిన చోట లేదు. మళ్లీ తేలిపోయిందేమోనని పైన వెతికినాను. లేదు. మేడమ్ నా భుజం తట్టి అద్దం వైపు చూపించింది. అది తనంతట తాను రాళ్ల మీద జరుగుతా జరుగుతా వచ్చి, అన్నిటికన్నా ఎత్తురాయి మీద, సరిగ్గా దీపం కిందికి చేరింది. వేళ్లన్నీ విప్పుకొని కూర్చొంది. రెండు చేపలూ దాంట్లో దూరి, ముఖాలు బయటపెట్టి మా వైపు చూస్తాండాయి.

మేడమ్ నోటు పుస్తకం తెరిచింది గానీ ఏమీ రాయలేదు. కండ్లు తుడుచుకొంది. నేను ఫ్యాను సరి చేస్తున్నట్టు అటు తిరిగినాను.

కమిటీ వచ్చే నాటికి పువ్వుకు లేత గోధుమ రంగు తిరిగి వచ్చింది. పగడపు రాళ్ల మీద ఆవగింజలంత నోళ్లు తెరుచుకుంటాండాయి. ఆ రోజు మేనేజరు నాకు సెలవిచ్చి, ఉతికిన చొక్కా వేసుకొని పొమ్మన్నాడు. పదకొండు గంటలకు ముగ్గురు వచ్చినారు. అందరికన్నా పెద్దాయన తెల్లజుట్టు, చేతికర్ర, మాట తక్కువ. ప్రిన్సిపాల్ సార్ ముందర నడుస్తా తలుపు తీసినాడు. వాళ్లు గదిలో అడుగు పెట్టినారు. కరెంటు ఒక్కసారి మినుకుమంది.

మెర్క్యురీ దీపంతో పని చేసినవాళ్లకు తెలుసు. మామూలు బల్బయితే అట్ల పోయి ఇట్ల వస్తుంది. ఇది ఒక్క క్షణం ఆరితే, మళ్లీ చల్లబడేదాకా వెలగదు. ఎన్నిసార్లు స్విచ్చి వేసినా లాభం లేదు. ఫ్యాను తిరుగుతానే ఉంది, తొట్టికి పెట్టిన చిన్న పంపు నుంచి గాలి బుడగలు వస్తానే ఉన్నాయి, దీపం మాత్రం ఆరిపోయింది. కిటికీలకు అట్టలు. తొట్టి బావి మాదిరి నల్లగా ఉంది. చూసేవాళ్ల కోసం పెట్టిన చిన్న బల్బు ఒక్కటి వేసినా పై నీళ్లే తప్ప అడుగు కనపడదు.

ప్రిన్సిపాల్ సార్ స్విచ్చి టకటకా కొట్టినాడు. "ఆ రంగు బల్బులు ఉన్నాయి గదా, తెచ్చి వెయ్యి," అని నా చెవిలో అన్నాడు. కమిటీలో ఒకాయన గడియారం చూసుకొని, "కెమిస్ట్రీ ల్యాబు చూద్దామా?" అన్నాడు. మేడమ్ నా వైపు చూసింది. నేను చెప్పేదాని కోసం చూసింది.

నేను అప్పటిదాకా పెద్దవాళ్ల ముందర "సరే సార్" తప్ప ఇంకోమాట అన్నవాణ్ని కాదు. ఆ రోజు నోరు దానంతటదే తెరుచుకుంది. "వద్దు సార్. స్విచ్చి ముట్టుకోవద్దండి. ఎనిమిది నిమిషాలు ఇయ్యండి. అదే వెలుగుతాది."

తెల్లజుట్టు పెద్దాయన నా వైపు తిరిగినాడు. "నువ్వెవరు బాబూ?"

"మిల్లు ఎలక్ట్రీషియన్‌ను సార్."

"ఎనిమిది నిమిషాలు చీకట్లో మేమేం చేయాలి?"

"కూర్చోండి సార్. ఈ తొట్టిలో మొదట వచ్చినవాటిని చంపింది నేనే. ఎట్ల చంపినానో చెప్తాను."

ఆయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే మిగతా ఇద్దరూ కూర్చున్నారు. నేను చెప్పినాను. బల్బులు, కాగిన నీళ్లు, వాసన, మేడమ్ తిట్టకుండా రాసుకున్న పుస్తకం, మా మామ నూలు పుల్ల, బేళ్ల యార్డు స్తంభం, ఎరుపు చావడం, అన్నీ. పుల్ల గోడకు ఆనించి ఉంటే తీసి వాళ్ల చేతికిచ్చినాను. మేడమ్ నడుమ నడుమ అందుకొని, నాచు సంగతి, నీలం వెలుతురు సంగతి వాళ్ల భాషలో చెప్పింది. ప్రిన్సిపాల్ సార్ తలుపు దగ్గర నిలబడి రుమాలుతో మెడ తుడుచుకుంటాండాడు.

చెబుతా చెబుతా ఉండగానే పైన చిన్న చప్పుడైంది. దీపం లోపల ఊదా రంగు చుక్క లేచింది. ఆ చుక్క పెద్దదైంది. ముందు నీళ్ల పైభాగం కనపడింది, ఆ తరువాత గోడలు, తరువాత రాళ్ల అంచులు. నిమిషం నిమిషానికీ వెలుతురు ఒక్కొక్క మెట్టే దిగుతా పోయింది. అడుగు తేలింది. ఎత్తురాయి మీద పువ్వు కదిలింది. చేపలు రెండూ దాంట్లో నుంచి తలలు బయటపెట్టి, నీలం వెలుతురులోకి ఈదినాయి. రోజూ చూసేవాణ్నే గానీ ఆ రోజు నేను కూడా మొదటిసారి చూసినట్టు చూసినాను. అప్పుడు చూసేవాళ్ల బల్బు స్విచ్చి వేసినాను. చేపల నారింజ రంగు ఒక్కసారి నిప్పురవ్వ మాదిరి రాజుకుంది.

తెల్లజుట్టు పెద్దాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి చూస్తా ఉండిపోయినాడు. కెమిస్ట్రీ ల్యాబు మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన, "నేను సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ని. ఇరవై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. సముద్రం అడుగున ఎలా తెల్లవారుతుందో ఇవాళే చూశాను," అన్నాడు. లేచి మేడమ్‌కు నమస్కారం పెట్టినాడు. తరువాత నాకూ పెట్టినాడు. నా చేతికి గ్రీజు మరకలున్నాయని నేను చేతులు వెనక్కి పెట్టుకోబోయినాను. ఆయన ఆగి, నేను దండం పెట్టేదాకా చూసి, అప్పుడు కదిలినాడు.

నెల తిరక్కముందే ఉత్తరం వచ్చింది. జువాలజీ గ్రూపు ఉంటుంది. మేడమ్ ఉద్యోగం పర్మనెంటు. ప్రిన్సిపాల్ సార్ నన్ను తన గదికి పిలిచి కుర్చీ చూపించి, చాయ్ తెప్పించినాడు. "ఆ రంగు బల్బులు కట్టమన్నది నేనయ్యా. నువ్వు కమిటీ ముందు నా పేరు చెప్పలేదు," అన్నాడు. చెప్పాలని నాకు తోచనేలేదు. రెండు వందల వాట్ల బల్బులు దించింది నేను గదా. మరుసటి కాలేజీ వార్షికోత్సవానికి ఆ రంగు బల్బులు గేటుకు కట్టినాము. చానా అందంగా ఉన్నాయి. వాటి చోటు అది.

పిల్లలారా, పని తెలియనివాడు తప్పు చేస్తే సర్దుకోవచ్చు. పని తెలుసనుకునేవాడు చేస్తే తొట్టి నిండా చావు తేలుతుంది. నాకు తెలిసింది మిల్లు వెలుతురు. ఆ తొట్టికి ఏ వెలుతురు కావాలో చెప్పింది ఒక టీచరమ్మ, ఒక రంగుల మేస్త్రీ, చాయ్ గ్లాసు పట్టుకున్న ఉస్తాద్. నేను చేసిందల్లా వాళ్ల మాటలు వినడం. అది కూడా కొన్ని ప్రాణాలు పోయినాక.

ఆ ఉత్తరం వచ్చినాక మేడమ్ ఒక ఆదివారం తొట్టిని ఊరి వాళ్లందరికీ చూపిస్తామని చాటించింది. కాలేజీ వాళ్లు వంద మంది వస్తారనుకున్నారు. పొద్దున తొమ్మిదికే వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. మిల్లు వాళ్లు, మార్కెట్టు హమాలీలు, కౌతాళం నుంచి బస్సులో వచ్చిన పత్తి ఏరే ఆడవాళ్లు, సరిహద్దు అవతల నుంచి కన్నడం మాట్లాడే వాళ్లు, ఎమ్మిగనూరు నుంచి మా మామ తెచ్చిన నేతగాళ్లు. మామ వాళ్లకు తొట్టి తానే కట్టించినట్టు చెబుతాండాడు. నేను దీపం దగ్గర, ఉస్తాద్ ఫ్యాను దగ్గర, మేడమ్ అద్దం దగ్గర.

కౌతాళం ఆడవాళ్లలో ఒకామె అద్దం ముందర నిలబడి కదలలేదు. వెనకవాళ్లు తోస్తాండారు. ఆమె చేపలను చూసింది, పువ్వును చూసింది, కడకు మేడమ్‌ను అడిగింది.

"అమ్మా, సముద్రం ఉప్పగ ఉంటాదంటారే. ఈ నీళ్లు నిజంగ ఉప్పగ ఉంటాయా?"

"ఉంటాయమ్మా."

"నువ్వు సెప్తే నమ్ముతా గానీ, నోటితో సూడకపోతే ఇంటికి పోయి ఏమని సెప్పేది?"

ప్రిన్సిపాల్ సార్ వద్దన్నట్టు చెయ్యి ఊపినాడు. మేడమ్ ఆయనను చూడనట్టే, మూలన మద్రాసు నుంచి కొత్తగా వచ్చి పెట్టిన డ్రమ్ము మూత తీయించింది. స్టీలు చెంబుతో నీళ్లు ముంచి, ఆమె అరచేతిలో నాలుగు చుక్కలు పోసింది. ఆమె నాలుకకు అద్దుకొంది. ముఖం చిట్లించింది. ఆ తరువాత పళ్లన్నీ కనపడేటట్టు నవ్వి, వెనకకు తిరిగి, "అవునే, ఉప్పగనే ఉండాది," అని వరసకంతా చెప్పింది.

ఆ తరువాత ఎవరినీ ఆపలేకపోయినాము. ఒకరి వెనక ఒకరు అరచెయ్యి చాపుతా వచ్చినారు. ముసలోళ్లు, చంకబిడ్డల తల్లులు, మా మిల్లు మేనేజరు కూడా. అందరికీ మేడమే అరచెయ్యి నిండా పోసింది. సాయంత్రం సైరన్ మోగేసరికి చెంబు డ్రమ్ము అడుగుకు తగిలి టంగుమంది. నేను వంగి చూస్తే చుక్క లేదు. మేడమ్ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటా, "ఆదోని సముద్రాన్ని తాగేసిందప్పా. మళ్లీ లారీకి చెప్పు," అంది.